ఎర్ర చుక్క లేని హరికేన్

సంపాదకులకు నమస్కారం.

ఇటీవల కోనసీమలో జరిగిన ఒక పాఠశాల ప్రదర్శనలో, మా అబ్బాయి 1/72 నిష్పత్తిలో కట్టిన హరికేన్ యుద్ధవిమానాన్ని నిర్వాహకులు కొనుక్కొచ్చిన ఆటబొమ్మ అంటూ పక్కన పెట్టించారు. 40 అడుగుల రెక్కలు 17 సెంటీమీటర్లకు ఒదిగినంత మాత్రాన అది ఆటబొమ్మ అయిపోదు. అతుకుల్లో పుట్టీ నింపి, ఉప్పుకాగితంతో తడిగా రుద్ది, మా ముసురులో లాకరు రంగు కొడితే తేమ పట్టి పైపూత పాలిపోయినట్టు తెల్లబడగా, మొత్తం గీకేసి ఎండ కాసేదాకా ఆగి మళ్లీ కొట్టాడు. (ఆ వారం ఇంట్లో థిన్నరు వాసనకు అన్నం సహించలేదు, అది వేరే సంగతి.)

రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మా రంగంలో మన వైమానిక దళం కూడా ఈ విమానాలను నడిపింది. జపాను వారి సూర్యబింబమని పొరబడి సొంతవాళ్లే కాల్చకుండా, అక్కడి విమానాలపై ఉండే గుండ్రటి దళ గుర్తులోని ఎర్ర చుక్కను తొలగించారు; నమూనా విడిభాగాల పెట్టెలో వచ్చిన స్టిక్కర్లలో ఆ చుక్క ఉండగా, మావాడు సన్నని కుంచెతో దానిని లేతనీలంతో కప్పాడు. 1942 ఏప్రిల్ 6న కాకినాడపై జపాను బాంబులు పడ్డాయని వాడికి తెలిసింది కూడా ఈ పనివల్లనే.

వచ్చే ఏడాది ప్రదర్శనల నియమాల్లో చేతితో కట్టిన నమూనాలకు చోటు కల్పించాలని మనవి.

– ఒక తండ్రి, అమలాపురం