దుప్పట్లు సరే, కరెంటు టోకెన్ ఎవరు కొంటారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. ప్రవాస తెలుగువారి వార్తల్లో నైరోబీ నుంచి వచ్చే ఫొటోలు మీ పాఠకులకు కొత్తేమీ కాదు. ఉగాదికో, ఎవరిదో పుట్టినరోజుకో ఒక మురికివాడకు వెళ్లి, పిల్లల్ని వరుసలో నిలబెట్టి బిస్కెట్లు, దుప్పట్లు, స్కూలు సంచులు పంచుతారు. వెనకాల బ్యానరు ఉంటుంది. ఫొటో సాయంత్రానికి వాట్సాప్ గ్రూపుల్లోకి, వారం తిరిగేలోగా పత్రికల్లోకి ఎక్కుతుంది. ఇచ్చేవాళ్ల మనసు మంచిదే, దాన్ని తప్పుపట్టను. ఏళ్లుగా ఇక్కడే కాపురముంటున్న దాన్ని కనుక ఒక మాట మాత్రం చెప్పాలనిపిస్తోంది. మన డబ్బు అవసరమున్న చోటికి చేరడం లేదు.

నైరోబీలోనే మథారే అనే మురికివాడ సంగతే తీసుకోండి. తీకా హైవేకి ఒకపక్క ముథైగా. రాయబారుల బంగళాలు, గోల్ఫ్ కోర్సు, నిమ్మళంగా చెట్లనీడ. రోడ్డు దాటి దిగితే ఒకప్పటి రాతి క్వారీల లోయ, అందులో నది, నది పొడవునా తుప్పుపట్టిన రేకుల గదులు. 2019 జనాభా లెక్కల్లో మథారే సబ్‌కౌంటీలో తేలిన జనం రెండు లక్షల పైచిలుకు. నీళ్ల ఒడ్డున డ్రముల్లో చాంగా అనే నాటుసారా కాస్తారు. 2024 ఏప్రిల్ వరదల్లో ఆ ఒడ్డున ఉన్న ఇళ్లు ఎన్నో కొట్టుకుపోయాయి. నిలబడ్డ వాటిని కూడా నదికి మరీ దగ్గరగా ఉన్నాయంటూ ప్రభుత్వమే బుల్‌డోజర్లు పెట్టి కూల్చింది.

ఇలాంటి చోట పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఫారం ఫోర్, అంటే హైస్కూలు ఆఖరి పరీక్ష రాసేశాక ఏం చేస్తాడు? పైచదువుకు డబ్బుండదు, పని దొరకదు. ఇంట్లో కూర్చుందామంటే ఉన్న ఒక్క గదిలో తల్లి వంట, చెల్లెళ్ల పడక. వీధి మొగలో నలుగురితో నిలబడితే పోలీసుల కన్ను పడుతుంది. ఆ కన్ను ఎంత ప్రమాదమో మథారే సోషల్ జస్టిస్ సెంటర్ వాళ్లు 2017లో ఇచ్చిన నివేదికలో రాశారు. పోలీసుల తూటాలకు పోయిన కుర్రాళ్ల లెక్క అది. అందుకే అక్కడ యువకేంద్రం అంటే ముందుగా ఎవరూ వేలెత్తి చూపకుండా కూర్చోగలిగిన ఒక గది. క్యారమ్‌బోర్డు, కంప్యూటరు ఆ తర్వాతి మాట.

మథారేలో ఈ పనిని ఎక్కువకాలంగా చేస్తున్నది మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్. అందరూ మైసా అంటారు. 1987లో బాబ్ మన్రో అనే కెనడా దేశస్థుడు మొదలుపెట్టించాడు. ప్లాస్టిక్ సంచుల్ని ఉండచుట్టి పురికొసతో బిగించిన బంతితో ఆడుకునే పిల్లలకు నిజం బంతి, ఒక లీగ్ కావాలి. మన్రో ఒప్పుకున్నాడు, కానీ ఊరికే ఇవ్వలేదు. మీరు చేస్తే మేమూ చేస్తాం, మీరు ఊరుకుంటే మేమూ ఊరుకుంటాం అన్నది అప్పుడే పెట్టిన షరతు. దాన్ని వాళ్లు పాయింట్ల పట్టికలోకే ఎక్కించారు. మ్యాచ్ గెలిస్తే మూడు పాయింట్లు. జట్టంతా కలిసి తమ పేట శుభ్రం చేసే పని పూర్తి చేస్తే ఆరు.

అంటే లీగ్‌లో పైకి రావాలంటే గోల్స్ కొట్టడం చాలదు, మురుగుకాలువలో దిగాల్సిందే. ఒకసారి నేను చూసినప్పుడు పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. కొందరికి గంబూట్లు, కొందరికి అవీ లేవు. పారలతో నల్లటి మడ్డి తీసి తోపుడుబండిలోకి ఎత్తుతున్నారు. బండి చక్రం దిగబడితే కెప్టెన్ పాప ఈల వేసి ఆరుగురిని పిలిచింది. దారినపోయే పెద్దాయన ముక్కు మూసుకుని పక్కకి తప్పుకుంటే ఆ పాప ఆయన చేతిలోనూ ఒక పార పెట్టింది. నవ్వుతూనే లెండి, కానీ ఆయన పని చేశాడు.

అమ్మాయిలకు ఫుట్‌బాల్ 1992లో మొదలైంది. తమ్ముళ్లను ఎత్తుకునేదెవరు, నీళ్లు తెచ్చేదెవరు అని ఇళ్లల్లో గొడవ. మన పల్లెల్లో కబడ్డీకి వెళ్తానన్న ఆడపిల్లకు ఎదురయ్యే ప్రశ్నలే, భాష మాత్రం వేరు. అదే ఏడాది మైసాకు ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం గ్లోబల్ 500 పురస్కారం దక్కింది. 1994లో ఈ పిల్లల్లోంచే మథారే యునైటెడ్ పుట్టింది. 2008లో ఆ జట్టు కెన్యా ప్రీమియర్ లీగ్ గెలిచింది. అదే 2008 మొదటి నెలల్లో, ఎన్నికల తర్వాతి అల్లర్లలో, ఇదే పేటలో తెగల పేరుతో ఇరుగుపొరుగు కొట్టుకున్నారు, ఇళ్లు తగలబెట్టుకున్నారు. అన్ని తెగల పిల్లలూ ఒకే చొక్కా వేసుకునే చోటు ఆ ఏడాది ఆ లోయకు ఎంత అవసరమో మనం ఊహించుకోవచ్చు.

నాకు కప్పుకన్నా పెద్దదిగా కనిపించేది వాళ్ల స్కాలర్‌షిప్ పద్ధతి. చిన్నపిల్లలకు కోచింగ్ ఇచ్చినా, రిఫరీగా నిలబడినా, హెచ్‌ఐవీ గురించి తోటివాళ్లకు చెప్పినా పాయింట్లు వస్తాయి. పాయింట్లు పోగైన వాళ్లకు స్కూలు ఫీజు కడతారు, అదీ నేరుగా స్కూలుకే. పిల్లాడు ఎవరి ముందూ చేయి చాచడు. మన ఫొటోల్లోని వరుసకీ దీనికీ తేడా అక్కడుంది.

ఇక ఖర్చు సంగతి. చిన్నాచితకా యువకేంద్రాలు మథారేలో, నైరోబీలోని మిగతా మురికివాడలైన కిబేరాలో, కొరొగొచోలో చాలా ఉన్నాయి. వాటిని మూయించేది దుప్పట్ల కొరత కాదు. గది అద్దె, ఇంటర్నెట్, రిఫరీకి మటాటూ (ఇక్కడి ప్రైవేటు మినీబస్సు) చార్జీలు, సాయంత్రం పిల్లల్ని చదివించే అమ్మాయికి నెలకింత అని ఇచ్చే భత్యం. వీటికి ఫొటో రాదు కనుక దాత దొరకడు. ఇంతకాలం విదేశీ నిధులు కొంత ఆదుకున్నాయి. 2025లో అమెరికా తన సహాయాన్ని ఉన్నట్టుండి ఆపేశాక, అందరూ మిగిలిన కొద్ది నిధుల వెంటే పడాల్సి వస్తోంది.

డబ్బు చేతికిస్తే తినేస్తారండీ అనే మాట మనవాళ్ల నోట తరచూ వింటాను. తినేవాళ్లు ఉండొచ్చు, మన దగ్గర లేరా? కానీ కెన్యాలో ఈ భయానికి మందు 2007 నుంచీ అందరి జేబుల్లో ఉంది, దాని పేరు ఎంపెసా, ఫోన్‌లోంచే డబ్బు పంపే పద్ధతి. ఇక్కడ కరెంటుకు ముందే డబ్బు కట్టి టోకెన్ కొనుక్కోవాలి. యువకేంద్రం మీటరు నంబరు తెలిస్తే పార్క్‌ల్యాండ్స్‌లో సోఫా దిగకుండానే టోకెన్ కొని పంపొచ్చు. ఆ డబ్బు కరెంటుకు తప్ప దేనికీ పనికిరాదు. అద్దె నేరుగా ఇంటి యజమానికి, ఫీజు స్కూలు ఖాతాకు వెళ్తాయి. నగదు ఎవరి చేతిలోనూ పడనక్కర్లేదు.

ఇంకొకటి. కిబేరా వెళ్లిన ప్రతివాళ్లూ బ్యానరు మీద పది లక్షల జనాభా అని రాయిస్తారు. 2009 జనగణనలో తేలింది 1,70,070. పేదరికాన్ని ఆరింతలు చేసి చూపిస్తే తప్ప మనకు జాలి కలగదా?

2017లో కెన్యా ప్రభుత్వం ఇక్కడి భారత సంతతిని దేశపు 44వ తెగగా గుర్తించింది. మొన్న మొన్న ఉద్యోగాలకొచ్చిన మనబోటి తెలుగువాళ్లకు అది వర్తించకపోవచ్చు. అయినా పిలిచి పీట వేసిన ఇంట్లో ఏడాదికొకసారి వచ్చిపోయే చుట్టంలా ఉండటం బాగుండదు.

నైరోబీలోని తెలుగు కుటుంబాలకు నా ప్రతిపాదన ఒక్కటే. ఈసారి ఉగాది చందాల్లో పంపిణీకి పెట్టే భాగం పక్కన పెట్టి, ఏదైనా ఒక్క కేంద్రాన్ని ఎంచుకుని, పన్నెండు నెలల అద్దె, టోకెన్లు, ఒక కోచ్ భత్యం మాటిచ్చి కట్టండి. ఏ కేంద్రమో మనం తేల్చకుండా అక్కడి పిల్లల్నే అడగండి. ఎక్కడ తలుపు రోజూ తెరుస్తారో వాళ్లకు తెలుసు.

మీకో విన్నపం కూడా ఉంది. ఇకమీదట ఇలాంటి ఫొటో మీ దగ్గరికి వస్తే, వేసే ముందు పంపినవాళ్లను ఒక ప్రశ్న అడగండి: వచ్చే నెల ఆ కేంద్రానికి ఏమిస్తున్నారు? జవాబును ఫొటో కిందే అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
పార్క్‌ల్యాండ్స్, నైరోబీ