అమ్మ స్కాన్లకి తోడు నిలిచినవాళ్లందరికీ

అమ్మకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. వైద్యం అయిన మూడు నెలలకి తీసిన పెట్ స్కాన్ రిపోర్టు నిన్న చేతికొచ్చింది. మొదటిసారి లింఫు గ్రంథిలో మెరిసిన చుక్క ఇప్పుడు లేదు. గర్భాశయ ముఖద్వారం దగ్గర కూడా మెరుపేమీ మిగల్లేదని డాక్టర్ గారు చెప్పారు. అడిగినవాళ్లందరికీ విడివిడిగా ఫోన్ చేసే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నా.

ముందు మా వీధి చివర కారు నడిపే బాబాయికి దండం. విజయవాడ స్కాన్ సెంటర్‌కి పొద్దున్నే పరగడుపున రమ్మన్నారు. ఆ స్కాన్‌కి ఎక్కించేది రేడియోధార్మిక గ్లూకోజు, క్యాన్సరున్న చోట అది ఎక్కువగా చేరి బొమ్మలో మెరుస్తుంది. 110 నిమిషాలకోసారి దాని బలం సగానికి పడిపోతుంది కాబట్టి మనం వచ్చేదాకా దాచి ఉంచడం కుదరదు. ఈ మాట చెప్పగానే బాబాయి ఇంకేమీ అడగలేదు. రెండుసార్లూ చీకటుండగానే వాకిట్లో హారన్ కొట్టాడు. డీజిల్ డబ్బులివ్వబోతే, "వదిన మళ్లీ ఇడ్లీలు వేసిననాడు ఇద్దువులే" అని కారు తిప్పుకుని పోయాడు.

కీమో, రేడియేషన్ ఆరోగ్యశ్రీలో జరిగాయి గానీ స్కాన్ల డబ్బు మేమే చూసుకోవాల్సొచ్చింది. మేం నోరు తెరవకముందే మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో చందా మొదలైంది. పేర్లు రాస్తే ఊరుకోమన్నారు, అందుకే రాయట్లేదు. హిమోగ్లోబిన్ పడిపోయినప్పుడు రక్తమిచ్చిన తమ్ముళ్లు కూడా ఆ గ్రూపువాళ్ల ఇళ్లలోవాళ్లే.

ఇక నా స్నేహితురాలి అక్క. ఆవిడ రేడియాలజీ డాక్టర్. స్కాన్ తీసినచోట రిపోర్టు గురించి అడిగితే "మీ డాక్టర్‌కి చూపించండి" అని కవర్ చేతిలో పెట్టి పంపేశారు. ఈవిడ ఆదివారం పూట సీడీ తన లాప్‌టాప్‌లో వేసి, మా అమ్మని పక్కనే కూర్చోబెట్టుకుని చూపించారు. ఎమ్మారైలో ముఖద్వారం చుట్టూ నల్లటి పట్టీ కనిపించింది. ఒకచోట అది తెగి, బూడిదరంగు గడ్డ పక్కకి పొడుచుకొచ్చింది. పెట్ బొమ్మలో ధగధగలాడుతున్న పెద్ద ముద్దని చూసి తమ్ముడు కంగారుపడితే, "అది మూత్రాశయం నాయనా, మందు అక్కణ్నుంచే బయటికి పోతుంది" అని నవ్వేశారు. చూడాల్సింది కటి భాగంలో ఓ పక్కన లింఫు గ్రంథిలో ఉన్న చిన్న చుక్కనట.

చేత్తో పరీక్ష చేసినప్పుడు రెండో స్టేజి అన్నారు. కానీ 2018లో మారిన లెక్క ప్రకారం స్కాన్‌లో కనిపించిన గ్రంథులు కూడా స్టేజిలోకి వస్తాయి. ఆ చుక్కతో అమ్మది 3సీ1 అయింది, అంటే కటి భాగంలోని గ్రంథులకి పాకిన మూడో స్టేజి. కడుపులో పెద్ద రక్తనాళం పక్కనున్న గ్రంథుల దాకా పాకితే 3సీ2 అయ్యేది. చుక్క ముందే దొరికింది కాబట్టి ఆ గ్రంథికి విడిగా ఎక్కువ డోసు ఇచ్చారు.

అంతా విని అమ్మ అడిగింది: "ఆ బొమ్మలో నా ఆయుష్షు రాసుందా అమ్మాయ్?"

అక్క దాటవేయలేదు. గడ్డ ఎంతుంది, గ్రంథులకి పాకిందా, గ్లూకోజు ఎంత లాగుతోంది, వీటిని బట్టి ఎలాంటివాళ్లకి తిరగబెట్టే అవకాశం ఎక్కువో చెప్పగలమనీ, ఫలానా మనిషికి ఏమవుతుందో చెప్పలేమనీ అన్నారు. "అయితే వందమందిలో నేనెక్కడున్నానో నీకూ తెలీదన్నమాట" అని అమ్మ టీ అడిగింది.

రేడియేషన్ అయ్యాక మూడు నెలలు ఎందుకు ఆగాలో కూడా ఆవిడే చెప్పారు. తొందరపడి తీస్తే రేడియేషన్‌కి వాచిన కండ కూడా మెరిసి తికమక పెడుతుందట. 2007లో అమెరికాలో సెయింట్ లూయిస్ డాక్టర్లు 92 మందిని గమనించి రాసిన పేపరు చూపించారు. మూడు నెలల స్కాన్ శుభ్రంగా వచ్చినవాళ్లలో మూడేళ్లకి 78 శాతం మందికి జబ్బు తిరగబెట్టలేదు. కొంత మిగిలినవాళ్లలో అది 33 శాతమే. అది చదివాక నాకు నిద్ర పడితే ఒట్టు. కంప్యూటర్ చేత బొమ్మలోని ప్రతి చుక్కనీ లెక్కగట్టించి ముందే చెప్పించే పరిశోధనలూ నడుస్తున్నాయి గానీ, అక్క వాటిని ఇంకా అంతగా నమ్మట్లేదు.

కరెంటు (రేడియేషన్) పెట్టే గదిలో అమ్మ భయపడ్డ ప్రతిసారీ మైకులో పలకరించిన టెక్నీషియన్ తమ్ముడికీ, ఒంటి లోపల పరికరం పెట్టి రేడియేషన్ ఇచ్చిన రోజుల్లో రాత్రిళ్లు చెయ్యి పట్టుకు కూర్చున్న నర్సమ్మకీ దండాలు.

మళ్లీ మూడు నెలలకి చెకప్. బ్యాచ్ డబ్బు కొంత మిగిలింది, లెక్క గ్రూపులో పెట్టాను. మన చుట్టుపక్కల ఎవరికైనా స్కాన్‌కి అవసరమైతే నాకు చెప్పండి, అటు పంపేద్దాం. బాబాయి కూడా కారు తెస్తానన్నాడు.