టైరు తనిఖీని కంటిచూపుకు వదిలేయకండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారములు. వాహనాల తనిఖీలో టైర్లను చూసే పద్ధతిని మార్చాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను. తనిఖీ అధికారి వాహనం చుట్టూ ఒకసారి తిరిగి, టైరును కాలితో తట్టి, కాగితం మీద టిక్కు పెట్టి ముందుకు సాగిపోవడం మనకు అలవాటైన దృశ్యం. నున్నగా అరిగిన టైరు ఆ చూపుకు దొరుకుతుంది. గాలి తగ్గిన టైరు, వయసు మీరిన టైరు మాత్రం దాన్ని సులువుగా దాటిపోతాయి.

గాలి టైరుకు రాబర్ట్ విలియం థామ్సన్ 1845లోనే పేటెంట్ పొందినా, 1888లో జాన్ బాయ్డ్ డన్‌లప్ దాన్ని మళ్లీ రూపొందించిన తర్వాతే అది విస్తృత వాడుకలోకి వచ్చింది. అప్పటి నుంచి బండి బరువులో అధిక భాగాన్ని మోస్తున్నది రబ్బరు కాదు, దాని లోపల బంధించిన గాలి. ఆ గాలి తగ్గితే చక్రం తిరిగిన ప్రతిసారీ టైరు పక్కగోడ అవసరానికి మించి వంగి లేస్తుంది, వేడెక్కుతుంది. ఆ వేడికి రబ్బరుకూ లోపలి ఉక్కు తీగల పొరలకూ మధ్య పట్టు సడలి, చివరకు వేగంగా వెళ్తున్నప్పుడు ట్రెడ్, అంటే రోడ్డును తాకే గాడుల పొర, ఊడిపోవచ్చు. మిషెలిన్ సంస్థ 1946లో పేటెంట్ పొందిన రేడియల్ నిర్మాణమే (లోపలి పోగులు టైరు ఒక అంచు నుంచి మరో అంచుకు నేరుగా అడ్డంగా సాగే పద్ధతి) నేడు దాదాపు అన్ని కార్లలోనూ ఉంది. ఈ టైరు పక్కలు సహజంగానే కొంచెం ఉబ్బి కనిపిస్తాయి కనుక, గాలి గణనీయంగా తగ్గినా చూపుకు తేడా తెలియదు. లారీ జంట చక్రాల్లో లోపలి టైరు పరిస్థితి ఇంకా దారుణం: అందులో గాలి పోతే భారమంతా బయటి టైరు మీద పడుతుంది, అయినా బండి మామూలుగానే నిలబడి ఉంటుంది.

వయసు సంగతీ ఇలాంటిదే. టైరు పక్కగోడ మీద చిన్న చట్రంలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. చాలా టైర్లకు ఈ అంకెలు ఒక పక్కనే ఉంటాయి, ఆ పక్క లోపలికి బిగిస్తే బండి కిందికి దూరితే తప్ప కనిపించవు. గాలిలోని ఆక్సిజన్, ఎండ, వేడి వల్ల రబ్బరు వాడకపోయినా గట్టిపడి పగుళ్లిస్తుంది. అందుకే ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉన్న స్టెప్నీ, ట్రెడ్ కొత్తదిలా మెరుస్తున్నా, నమ్మదగింది కాదు.

కాబట్టి మంత్రి గారూ, తనిఖీలో చూపు స్థానంలో కొలత రావాలి. ట్రెడ్ లోతును లోపలి అంచున, మధ్యన, బయటి అంచున కొలిచి రాయాలి. అనేక దేశాల్లో కనీస పరిమితి 1.6 మిల్లీమీటర్లు, కానీ ఆ లోతుకు చేరేసరికే తడి రోడ్డు మీద నీటిని పక్కకు నెట్టే శక్తి బాగా తగ్గిపోతుందని వాహనదారుకు అక్కడే చెప్పాలి. మూడు చోట్లా కొలవమనడానికి కారణం ఉంది: రెండు అంచులూ అరిగితే గాలి తక్కువని, నడుమ అరిగితే ఎక్కువని, ఒక్క అంచే అరిగితే చక్రాల అమరిక (అలైన్‌మెంట్) తప్పిందని అనుమానించవచ్చు. గాలి పీడనాన్ని టైరు చల్లగా ఉన్నప్పుడే, జంట చక్రాల్లో లోపలిదానితో సహా, గేజితో చూడాలి. తయారీ వారాన్నీ ఏడాదినీ తనిఖీ పత్రంలోనూ, టైరు అమ్మినవారి బిల్లులోనూ మామూలు తేదీలా రాయించాలి.

యూరోపియన్ యూనియన్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నింటికీ గాలి పీడనాన్ని గమనించి హెచ్చరించే వ్యవస్థ తప్పనిసరి. అది లేని పాత వాహనాలకు, గాలి నింపే చోట ఉండే గేజే ఆధారం. ఆ గేజి తప్పు చూపితే జాగ్రత్తపరుడైన డ్రైవరు కూడా మోసపోతాడు. తూకపు రాళ్లకు ముద్ర వేసినట్లే ఈ గేజులనూ నిర్ణీత కాలానికి ఒకసారి పరీక్షించి, పరీక్షించిన తేదీని వాటి మీదే అంటించేలా ముందుగా ఆదేశాలివ్వాలని కోరుతున్నాను. దీనికి కొత్త చట్టం కోసం ఎదురుచూడనక్కర లేదని నా నమ్మకం.

భవదీయుడు,
ఒక వాహనదారు