గురక పరీక్ష ఇంట్లో సరే, రిపోర్టు చదివేదెవరు?

సంపాదకులకు,

గురకకు ఇంట్లోనే పరీక్ష చేస్తామనే ప్రకటనలు ఈమధ్య ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. ఆ పరీక్ష రావడం మంచిదే. స్లీప్ ల్యాబ్‌లో ఒంటినిండా వైర్లు పెట్టించుకుని పరాయి మంచం మీద పడుకోవాలంటే భయపడి, ఏళ్ల తరబడి వాయిదా వేసేవాళ్లు ఎందరో ఉన్నారు. నేను రాస్తున్నది ఆ పరీక్ష తర్వాత చేతికొచ్చే కాగితం గురించి.

మావారు సన్నగా ఉంటారు. కింది దవడ కాస్త చిన్నది; పక్క నుంచి చూస్తే గడ్డం లోపలికి జరిగినట్టుంటుంది. పెళ్లయినప్పటి నుంచీ గురక పెడతారు. లావుగా ఉన్నవాళ్లకే అది జబ్బు అని అందరూ అంటుంటే మేమూ నమ్మాం. రెండేళ్ల కిందట ఆ గురక మధ్యమధ్యలో ఆగడం మొదలైంది. పక్కన పడుకున్నవాళ్లకే తెలుస్తుంది ఆ నిశ్శబ్దం ఎంత భయపెడుతుందో. ఛాతీ ఎగసిపడుతూనే ఉంటుంది, గాలి మాత్రం లోపలికి పోదు. చీకట్లో అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. 12, 15, ఒక్కోసారి 20 దాకా. తర్వాత ఉక్కిరిబిక్కిరై ఒక్కసారిగా గాలి పీల్చుకుని, పక్కకు తిరిగి మళ్లీ నిద్రపోయేవారు. పొద్దున అడిగితే ఆయనకేమీ గుర్తుండేది కాదు. నిద్రలో శ్వాస 10 సెకన్లు, ఆపైన ఆగితే దాన్ని యాప్నియా అంటారని నాకు తర్వాత తెలిసింది.

ఇంటి పరీక్షకు ఒక డబ్బా వచ్చింది. ఛాతీకి బెల్టు, ముక్కు దగ్గర సన్నటి గొట్టం, వేలికి క్లిప్పు. వీడియో చూసి అన్నీ నేనే పెట్టాను. కొత్త కావడంతో ఆయనకు టెన్షన్. అర్ధరాత్రి దాటేదాకా కన్ను మూతపడలేదు. తెల్లారి చూస్తే ముక్కు గొట్టం దిండు కింద ఉంది. ఎప్పుడు ఊడిందో ఏమో. డబ్బా తీసుకెళ్లడానికి వచ్చిన అబ్బాయికి చెబితే, “ఫర్వాలేదండీ, మెషీన్ చూసుకుంటుంది” అన్నాడు. రెండు రోజులకు రిపోర్టు వచ్చింది. గంటకు 4 సార్లు, నార్మల్ అని. కింద ఏ డాక్టరు పేరూ లేదు, సంతకమూ లేదు.

ఆ 4 ఎలా వచ్చిందో అప్పుడు మాకు తెలియదు. శ్వాస ఆగడం, బాగా తగ్గడం గంటకు సగటున ఎన్నిసార్లు జరిగిందో లెక్కేస్తారు. పెద్దవాళ్లలో 5 లోపు ఉంటే మామూలు, 15 దాకా స్వల్పం, 30 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. ల్యాబ్‌లో తలకు పెట్టే వైర్లు మనిషి నిద్రపోయాడో లేదో చెబుతాయి. ఇంటి పరికరాల్లో చాలావాటికి ఆ సంగతి తెలియదు. రికార్డయిన గంటలన్నిటితో భాగిస్తాయి. 7 గంటల రికార్డులో 28 సార్లు ఆగితే గంటకు 4, అంటే నార్మల్. కానీ నిజంగా నిద్రపోయింది మూడున్నర గంటలే అయితే? గంటకు 8. మెలకువ వాటికి తెలియదు కాబట్టి, శ్వాస బాగా తగ్గినా ఆక్సిజన్ పడిపోకముందే మెదడు ఉలిక్కిపడి మెలకువ తెచ్చిన సందర్భాలు అసలు లెక్కలోకే రావు. గొట్టం ఊడిపోయిన గంటల సంగతి సరేసరి.

ఆ నార్మల్‌ను నమ్ముకుని నాలుగు నెలలు గడిపేశాం. ఆ నాలుగు నెలల్లో బీపీ మందు పెంచారు. ఒక సాయంత్రం సిగ్నల్ దగ్గర ఆయన స్టీరింగ్ పట్టుకునే కునికారు. వెనక హారన్లు మోగితే నేను భుజం పట్టి కుదిపాను. ఆ క్షణం తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

చివరికి దారి చూపింది పళ్ల డాక్టరు గారు. అరిగిన పళ్లు చూపించుకుందామని వెళ్తే, ఆమె మావారి దవడను పక్కనుంచి చూసి, నోరు తెరిపించి, “రాత్రిళ్లు గురక వస్తుందా? మధ్యలో ఆగుతుందా?” అని అడిగారు. అంతకుముందు ఎవరూ ఆ ప్రశ్న వేయలేదు. కింది దవడ చిన్నదైనా వెనక్కి ఉన్నా నాలుకకు చోటు చాలదు. నిద్రలో కండరాలు వదులైతే, అందులోనూ వెల్లకిలా పడుకుంటే, నాలుక వెనక్కి జారి గొంతు మూసుకుపోతుందట. సన్నటి మనిషికి ఈ జబ్బేమిటన్న మా అనుమానం అక్కడే తీరింది. ఆమె పంపిన స్లీప్ డాక్టరు ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. గంటకు 22.

మాస్క్ ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మెషీన్ గురించీ చెప్పారు. మావారు ఎంత ప్రయత్నించినా మాస్క్‌తో నిద్రపోలేకపోయారు. అందుకని డాక్టరు సలహాతో కింది దవడను ముందుకు పట్టి ఉంచే పరికరం, పళ్ల అచ్చు తీసి చేయించాం. మొదటి వారాల్లో దవడ కీలు నొప్పి, నోట్లో లాలాజలం ఊరడం. కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ సరిచేశారు. ఆ తర్వాత అది పెట్టుకుని మళ్లీ ఇంట్లోనే పరీక్ష చేయించాం. ఈసారి గొట్టం టేపుతో అంటించాం, డాక్టరు గారు రికార్డింగంతా తిప్పి చూశారు. గంటకు 6. అదే రకం డబ్బా, చదివే మనిషి ఉన్నప్పుడు ఎంత ఉపయోగపడిందో చూడండి.

అమెరికాలో నిద్ర జబ్బుల వైద్యుల సంస్థ అయిన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017 మార్గదర్శకాల్లోనే ఈ మాట ఉంది. జబ్బు ఉందన్న అనుమానం గట్టిగా ఉన్నప్పుడు ఇంటి పరీక్షలో ఏమీ తేలకపోయినా, రికార్డింగ్ సరిగ్గా రాకపోయినా ల్యాబ్ పరీక్ష చేయాలని. గుండె, ఊపిరితిత్తుల జబ్బులు బాగా ముదిరినవాళ్లకూ, పక్షవాతం వచ్చినవాళ్లకూ ముందే ల్యాబ్ పరీక్ష చేయమంటుంది. పిల్లల్లో ఈ జబ్బు తేల్చడానికి ఇంటి పరీక్ష వద్దని కూడా ఆ సంస్థ చెప్పింది. మరి ఇక్కడ ఆ ప్రకటనల్లో ఈ ముక్క ఒక్కటైనా ఎందుకు కనిపించదు?

2019లో లాన్సెట్ అనుబంధ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో 30 నుంచి 69 ఏళ్ల వాళ్లలో 90 కోట్లకు పైగా మందికి ఈ జబ్బుంది. అందరికీ ల్యాబ్‌లో మంచాలు దొరకవు; ఇంటి పరీక్ష కావాల్సిందే. అందుకే ఆరోగ్యశాఖ ఒక నియమం పెట్టాలి. ఎన్ని గంటలు సరిగ్గా రికార్డయిందో, ఏ డాక్టరు చదివారో రాయకుండా ఎవరూ రిపోర్టు ఇవ్వకూడదు. నార్మల్ అని వచ్చినా లక్షణాలుంటే డాక్టరును కలవండి అన్న వాక్యం ఆ కాగితం మీదే ఉండాలి. ఆ వాక్యం మా రిపోర్టు మీద ఉండుంటే ఆయన ఆ నాలుగు నెలలు కారు నడిపేవారు కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు