కల్లం లేకే రోడ్డెక్కుతోంది శనక్కాయ

సంపాదకుల వారికి నమస్కారం.

వేరుశనగ పీకే కాలం వచ్చిందంటే అనంతపురం జిల్లాలో తారు రోడ్లు సగం దాకా కాయలతో నిండిపోతాయి. బండ్లకు అడ్డమని రైతును తిట్టేవాళ్లూ అంతే మంది ఉంటారు. ప్రమాదమన్న మాట నిజమే. కానీ ఊళ్లో ఆరబోసుకునే చోటే లేనప్పుడు ఆ పచ్చికాయను ఎక్కడికి తీసుకుపోవాలి?

పీకినప్పుడు కాయలో 35 నుంచి 40 శాతం తేమ ఉంటుంది. నిల్వ ఉండాలంటే అది 8 శాతానికి దిగాలి. మద్దతు ధరకు కొనేటప్పుడూ ఇదే హద్దు. 35 శాతం తేమున్న 100 కిలోల కాయల నుంచి సుమారు 29 కిలోల నీరు ఆవిరైపోవాలన్నమాట. మొదట్లో నీరు తొందరగానే పోతుంది, కష్టమంతా ఆ తర్వాతే. పైతొక్క ఎండిపోయాక గింజలోని నీరు సన్నటి సందుల గుండా మెల్లగా బయటికి రావాలి. ఎండ ఎంత మండినా దాని వేగం ఆ మేరకు పెరగదు. కాలే తారు మీద పోస్తే కాయ పైకి ఎండినట్టే ఉంటుంది, లోపల పప్పు ఇంకా పచ్చే. పైగా ఆ వేడికి పప్పు మీది పొర ఊడి బద్దలవుతుంది, విత్తనానికి ఉంచుకుంటే మొలక దెబ్బతింటుంది. కాయకు మండే వేడి కన్నా ఆడే గాలి ముఖ్యం. పీకిన కట్టెను, అంటే కాయలతో ఉన్న మొక్కను, కాయలు పైకి వచ్చేలా తిరగేసి వరుసగా పెట్టడం అందుకే మంచిది.

మనకు ఖరీఫ్ కాయ చేతికొచ్చేది అక్టోబరు, నవంబరులో. సరిగ్గా తుపాను ముసురు పట్టే రోజులు. ఎండిన కాయ కూడా రాత్రి మంచుకు, నేల చెమ్మకు మళ్లీ తేమ పీల్చుకుంటుంది. అలాంటిదాన్ని మూటల్లో కుక్కితే లోపల వేడెక్కి బూజు పడుతుంది. ఆ బూజు వదిలే అఫ్లాటాక్సిన్ కాలేయానికి విషం, వేయించినా పూర్తిగా పోదు. ఆ కాయ నుంచి వచ్చిన పిండిచెక్క తిన్న ఆవు పాలలోకీ చేరుతుంది. నేరుగా తినే వేరుశనగలో ఈ విషం కిలోకు 4 మైక్రోగ్రాములు దాటితే యూరప్ దేశాలు తీసుకోవు. చివరికి ధర పడిపోయేది రైతుకే.

అందుకే అధికారులను కోరుతున్నాను. ప్రతి పంచాయతీలో గాలి బాగా ఆడే చోట, నేల కన్నా కాస్త ఎత్తులో సిమెంటు కల్లం కట్టించండి. పక్కనే వాన వస్తే కాయలు చేర్చుకోవడానికి రేకుల షెడ్డు ఉండాలి. టార్పాలిన్ పట్టలు సబ్సిడీ మీద ఇవ్వండి. రైతు సేవా కేంద్రంలో తేమ మీటరు పెట్టండి. వరికి సరిచేసిన మీటరు వేరుశనగకు సరైన అంకె చూపదు కాబట్టి దీనికంటూ సరిచేసినదే కావాలి. ఇప్పుడు వ్యాపారి పంటికింద కొరికి చూసి 'ఇంకా పచ్చి' అంటే అదే లెక్క, మూటకు ఎంత తరుగు తీసినా అడిగే దిక్కుండదు. రైతు చేతిలో మీటరు చూపిన అంకె ఉంటే కనీసం నిలబడి మాట్లాడగలడు.

ఇవన్నీ కాయ పీకాక మొదలుపెడితే ఆ ఏడాదికి అక్కరకు రావు. విత్తనం వేసే జూన్, జులైలోనే కల్లాలకు నిధులు మంజూరు చేయాలి.

ఇట్లు,
ఒక వేరుశనగ రైతు,
కళ్యాణదుర్గం, అనంతపురం జిల్లా