వ్రాతపని మన బడికొస్తోంది: తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయిని ఉత్తరం

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల చివరి శనివారం శ్రీకాళహస్తి నుంచి ఒక కలంకారీ చిత్రకారిణి మన బడికి వస్తున్నారు. ఉదయం 10 గంటలకు హాల్లో తన బొమ్మలు పరిచి, ఒక్కోటి ఏ ఆలోచనలోంచి వచ్చిందో చెబుతారు. ఆ తర్వాత 7, 8, 9 తరగతుల పిల్లలు కలం పట్టుకుంటారు. మీరూ రావచ్చు. ఇంటి నుంచి ఏం పంపాలో, ఏం పంపకూడదో చెప్పాలంటే పని ఎలా సాగుతుందో ముందు చెప్పాలి. అందుకే ఈసారి ఉత్తరం కాస్త పెద్దదైంది.

కలంకారీ బొమ్మలను మచిలీపట్నంలో గుడ్డ మీద చెక్క అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో చేత్తో రాస్తారు, అందుకే దీనికి వ్రాతపని అని పేరు. కాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ తెచ్చిపెట్టింది ఈ పనే. కాళహస్తి తిరుపతి నుంచి గంట ప్రయాణమే. రాహుకేతు పూజకని అక్కడికి వెళ్ళొచ్చిన పిల్లలు మన బడిలో చాలామందే ఉంటారు, కలం పట్టిన చేతిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ.

తెస్తున్న బొమ్మల్లో మూడింటి గురించి ముందే చెబుతాను. మొదటిది కన్నప్ప. అందరూ శివుడు ప్రత్యక్షమైన ఘట్టం వేస్తారు. ఈవిడ అంతకు ఒక్క క్షణం ముందు ఆగారు. ఒక కన్ను అప్పటికే ఇచ్చేశాడు, రెండోది పెరికితే చూపు ఉండదు కాబట్టి చోటు తెలియడానికి తిన్నడు చెప్పుకాలు లింగం కంటి మీద ఆనించిన క్షణం అది. గుడ్డ మొత్తంలో ఎరుపు రెండే చోట్ల ఉంటుంది. రెండోది జీవవృక్షం. మామూలుగా వేసే ఊహాచెట్టు కాకుండా మన శేషాచలం ఎర్రచందనం వేశారు. మూడేసి ఆకులు, చుట్టూ రెక్క ఉన్న గుండ్రటి కాయలు, వేర్ల దగ్గర బంగారు బల్లి. మూడోది గరుడసేవ. మాడవీధుల్లోని జనమే అంచు పట్టీ అయిపోయారు. తలలన్నీ ఒకేలా కనిపిస్తాయి, దగ్గరికెళ్ళి చూస్తే ఏ ముఖం మరోదానిలా ఉండదు. రామకృష్ణులకు నీలం, హనుమంతుడికి ఆకుపచ్చ, రాక్షసులకు ఎరుపు అనే పాత ఆనవాయితీని ఎక్కడ పాటించారో, ఎక్కడ వదిలేశారో పిల్లలు అడగాలి.

ఇక పని. ముందు గాడా గుడ్డను, అంటే చలువ చేయని ముతక నూలు గుడ్డను, రాత్రంతా నానబెట్టి ఉతికి గంజి వదిలించాలి. గంజి మిగిలిన చోట రంగు పట్టదు. తర్వాత కరక్కాయ పొడి, పచ్చి గేదెపాలు. మీటరు గుడ్డకు 30 నుంచి 40 గ్రాముల పొడి, అర లీటరు పాలు, అంతే నీళ్ళు. ముంచి, సమంగా పిండి, ఎండలో ఆరబెట్టాలి. కరక్కాయలోని వగరు రంగును పట్టి ఉంచుతుంది, పాలలోని కొవ్వు గీత పాకకుండా ఆపుతుంది. వెన్న తీసిన ప్యాకెట్ పాలు వాడితే గీత దూదిపింజలా విచ్చుకుంటుంది. ఒకచోట ఎక్కువ పిండి ఒకచోట తక్కువ పిండితే చారలొస్తాయి, వాటిని తర్వాత దాచలేం. పాలవాసన రెండు ఉతుకులకు పోతుంది, పిల్లలు ముక్కు మూసుకుంటే కోప్పడకండి. ఈ పనంతా బడిలోనే చేసి, ఒక్కొక్కరికి అడుగు చదరం గుడ్డ ఇస్తాం.

గీత మొదట చింతపుల్ల బొగ్గుతో. మెత్తటి బొగ్గు, దులిపితే రాలిపోతుంది. పెన్సిల్ గీత గుడ్డ మీద నుంచి పోదు. దాని మీద కలంతో నలుపు. కలమంటే మొన చెక్కిన వెదురు పుల్ల, మొనకు అంగుళం పైన ఉన్ని గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. ఉన్ని సిరాను పీల్చి ఉంచుకుంటుంది, వేళ్ళతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. మొనకు మరీ దగ్గరగా చుడితే బొట్లు పడతాయి, మరీ బిగిస్తే చుక్క దిగదు. పిల్లల మొదటి అరగంట దీనికే పోతుంది, పోనివ్వండి.

నలుపు సంగతి పిల్లలకు బాగా నచ్చుతుంది. 5 లీటర్ల నీళ్ళలో కిలో తుప్పు ఇనుము, అర కిలో బెల్లం, 100 గ్రాముల తాటిబెల్లం వేసి, మూత పెట్టి, రోజూ కలుపుతూ దాదాపు మూడు వారాలు పులియబెడతారు. వడగట్టిన నీళ్ళు నల్లగా ఉండవు, పలచటి టీలా ఉంటాయి. కరక్కాయ పట్టిన గుడ్డకు తగలగానే నల్లబడతాయి. మామూలు గుడ్డ మీద వేస్తే ఉత్త తుప్పు మరకే. ఇనుము మోతాదు మించితే ఏళ్ళు గడిచాక నల్లగీత వెంబడే గుడ్డ చివికి చిరుగుతుంది, పాత కలంకారీ తెరల్లో ఈ రంధ్రాలు కనిపిస్తాయి. మేం పోయిన నెలలోనే కుండ పెట్టాం, సైన్సు గది వెనక పుల్లటి వాసన దానిదే.

ఎరుపుకు ఇంతకంటే ఓపిక కావాలి. ఎర్రగా ఉండాల్సిన చోట ముందు పటిక నీళ్ళు పూస్తారు. పటికకు రంగు లేదు కాబట్టి ఎక్కడ పూశామో తెలియడానికి చిటికెడు ఎర్రపొడి కలుపుతారు. ఒక రోజంతా ఆరాలి. తర్వాత పారే నీళ్ళలో ఉతకాలి. నిలవ నీళ్ళలో వేస్తే వదిలిన పటిక పక్కకు పాకి, అక్కడా ఎర్రబడుతుంది. స్వర్ణముఖిలో నీళ్ళున్న రోజుల్లో అక్కడ ఆ పని నదే చేసిపెట్టేది, మనం బోరు కింద గొట్టం పెట్టి చేస్తాం. ఆపైన ఎరుపునిచ్చే చిరివేరు, మంజిష్ఠ వేర్లు వేసిన నీళ్ళలో రాగిపాత్రలో ఉడకబెడితే పటిక తగిలిన చోటే ఎరుపు నిలుస్తుంది. ఇనుప పాత్రలో ఉడికిస్తే ఎరుపు మసిబారుతుంది. కన్నప్ప బొమ్మలో రెండు నెత్తుటి మరకలూ నలుపు తర్వాత, మిగతా రంగుల కంటే ముందే, రంగే లేని పటికగా గుడ్డ మీదికి వచ్చి ఉంటాయి. పసుపు దానిమ్మ తొక్క నుంచీ కరక్కాయ పువ్వు నుంచీ వస్తుంది. నీలం నీలిమందు. పసుపు మీద నీలం వేస్తే ఆకుపచ్చ.

దీన్నిబట్టే మా ఏర్పాటు. శనివారం బొగ్గుగీత, నలుపు. సోమవారం పటిక. మంగళవారం ఉతుకు, ఉడకబెట్టడం. పొయ్యి దగ్గర పెద్దవాళ్ళే ఉంటారు, పిల్లలు గీసిన హద్దు బయట నిలబడి చూస్తారు. బుధవారం పసుపు. నీలం ఈసారి లేదు, ఒక్క వారంలో అన్నీ కుదరవు.

ఇంటి నుంచి పంపాల్సినవి: ఎండబెట్టిన దానిమ్మ తొక్కలు ఉన్నన్ని, పాత ఉన్ని స్వెట్టరు లేదా మఫ్లరు నుంచి చిటికెన వేలంత పట్టీ, శనివారం యూనిఫాం బదులు పాత చొక్కా. కరక్కాయలు మీరు కొనక్కర్లేదు, మూలికల అంగడి నుంచి బడే తెచ్చింది. స్కెచ్ పెన్నులు, ఫాబ్రిక్ పెయింట్లు, స్టెన్సిల్ అచ్చులు దయచేసి పంపొద్దు. నల్లనీళ్ళు బట్టల మీద పడితే వెంటనే నిమ్మరసం, ఉప్పు వేసి రుద్దండి, తగ్గుతుంది గానీ పూర్తిగా పోకపోవచ్చు. చేతికి పుండో, కోతో ఉంటే క్లాస్ టీచరుకు చెప్పండి, పటిక మంట పుడుతుంది.

మరొక మాట. ఏం గీయాలో ముందే ఆలోచించుకు రమ్మని పిల్లలకు చెప్పాం. నల్లగీత పడ్డాక చెరపడం లేదు, కాబట్టి బొమ్మ ముందు తలలో ఉండాలి. ఇంట్లో నోటుపుస్తకంలో గీసుకుంటారు, మీరు సరిదిద్దకండి. ఫోన్లో నెమలి బొమ్మ వెతికిస్తే నలభై గుడ్డల మీద ఒకే నెమలి వస్తుంది. మేడ మీదికొచ్చే చిలకనో, అవ్వ వక్కలు కత్తిరించే అడకత్తెరనో చూసి గీయమనండి. బహుమతులు లేవు.

చీర కొనేటప్పుడు చేతిపనిని ఎలా గుర్తుపట్టాలని కొందరు అడిగారు. అంచులో చిలకలన్నీ అచ్చు ఒకేలా ఉంటే అది ప్రింటు. చేతిగీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, నలుపు వెనక వైపుకూ దిగి ఉంటుంది.

గుడ్డలు శుక్రవారం ఇంటికొస్తాయి. సబ్బుపొడి వేయకుండా చన్నీళ్ళలో జాడించి నీడన ఆరేయండి. మొదటిసారి నీళ్ళు పసుపుపచ్చగా దిగుతాయి, అది మిగులు రంగు మాత్రమే.

నమస్కారాలతో,
ప్రధానోపాధ్యాయిని