మెట్టె సంగతి అడిగిన మేడమ్‌కు, ఉత్తరం రాసిచ్చిన మా సార్‌కు, నాకు తోడున్న అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో పదిహేనేళ్ల నుంచి బ్లౌజులు కుడుతున్నాను. ఈ సంవత్సరం సంక్రాంతి తర్వాత నా చేతులు నా మాట వినలేదు. మీలో కొందరికి ఆ సంగతి తెలుసు, మీ బ్లౌజులే ఆగిపోయాయి కాబట్టి. ఇన్ని నెలలు నన్ను ఎవరెవరు ఆదుకున్నారో పేరుపేరునా చెప్పలేను కానీ, ఎవరు ఏం చేశారో మాత్రం రాయకుండా ఉండలేను.

పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, గంటన్నర దాకా అంతే. వేడినీళ్లలో పెట్టి పిసుక్కుంటే అప్పుడు కొంచెం కదిలేవి. కత్తెరలో బొటనవేలు దూరదు, హుక్కులు కుడదామంటే సూది జారిపోతుంది. మా పుట్టిల్లు మర్రిగూడ వైపు, అందుకని చూసినవాళ్లందరూ మొదట అన్న మాట ఫ్లోరైడ్. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే ఫ్లోరైడ్ ప్రమాదమని మా ఊళ్లో బడి పిల్లలు కూడా చెప్తారు. నడుములు వంగిపోయిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని, ఆ మాట వినగానే నాకు అన్నం సహించలేదు. ఇంకొందరేమో రెండేళ్ల కింద చికున్‌గున్యా వచ్చింది కదా, ఆ నొప్పులే పోలేదన్నారు. మధ్యలో ఒకచోట చిన్న గోలీలు ఇచ్చారు, వాటితో నాలుగు రోజుల్లో మంత్రం వేసినట్టు తగ్గింది, అయిపోయాక రెండింతలై వచ్చింది. అవి స్టెరాయిడ్ గోలీలని తర్వాత తెలిసింది.

ఆషాఢంలో మా టౌన్‌లోనే ఒక డాక్టర్ సార్ దగ్గరికి పోయాను. రక్తపరీక్షలు చేయించారు. కీళ్లవాతం అనుమానం ఉంటే చూసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ 20 లోపు ఉండాలట, నాకు 28. ఒంట్లో వాపు ఉందేమో చెప్పే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ కూడా ఎక్కువే. "రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు అమ్మా" అన్నారు. ఆ "కావచ్చు" దగ్గరే నా ప్రాణం ఆగిపోయింది. జబ్బు ఉందంటే ఒక బాధ, లేదంటే ఒక ధైర్యం, రెండూ కాని టెన్షన్‌తో రాత్రిళ్లు నిద్ర ఎట్లా పడుతుంది?

అప్పుడు నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఒక అక్క, ల్యాబ్‌లో పనిచేస్తుంది, కొలతలు ఇవ్వడానికి వచ్చి నేను టేపు పట్టుకోలేకపోవడం చూసి రిపోర్టులు అడిగింది. "ఆర్‌ఏ ఫ్యాక్టర్ ఒక్కదాంతోని తేలదు చెల్లె, ఏ జబ్బూ లేనోళ్లకు కూడా కొంచెం వస్తది. ఆ కీళ్లవాతానికే యాంటీ సీసీపీ అని ఇంకో రక్తపరీక్ష ఉంటది. నేను డాక్టర్‌ను కాదు, మీ సార్‌నే అడుగు" అంది. తెలిసినంత చెప్పి, తెలియనిచోట ఆగింది. అక్కా, నీ మేలు మరువను.

అడగడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇంకో డాక్టర్‌కు చూపించుకుంటానంటే సార్‌ను నమ్మనట్టు అవుతుందేమో, మళ్లీ ఏదైనా అవసరమైతే ఏ ముఖం పెట్టుకుని పోవాలి అని. చివరికి మా తమ్ముడే నోరు తెరిచి అడిగాడు. సార్ కోపం చేయలేదు. "నేనే పంపుదామనుకుంటున్న. కీళ్లవాతానికి వేరే డాక్టర్లు ఉంటారు, రుమటాలజీ అంటారు, వాళ్లు చూస్తే మంచిది" అని యాంటీ సీసీపీ కూడా రాసి, రెండు పేజీల ఉత్తరం ఇచ్చారు. ఎప్పటి నుంచి నొప్పి, ఏ మందులు వాడాను, ఆ స్టెరాయిడ్ ఎన్ని రోజులు, తనకు ఎక్కడ అనుమానం ఉంది, అన్నీ అందులో ఉన్నాయి. సీసీపీ నెగెటివ్ వచ్చింది, అంటే రుమటాయిడ్ అని గట్టిగా చెప్పలేమన్నమాట. అది రాగానే ఫోన్ చేసి "ఇంక ఆలస్యం చేయకండి, పోండి" అన్నది కూడా ఆయనే. సార్, మీకు రెండు చేతులా దండం.

శ్రావణంలో హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికి పోయాం. ముందురోజే ఎల్బీనగర్‌లో మా చిన్నమ్మ ఇంట్లో పడుకుని, తెల్లారి మొదటి మెట్రో ఎక్కాం. చిన్నమ్మ మోకాళ్ల నొప్పులతోనే లేచి మాకు సద్ది కట్టింది.

అక్కడి రుమటాలజీ డాక్టర్ మేడమ్, మొదట మా సార్ రాసిన ఉత్తరం మొత్తం చదివారు. తర్వాత నా వేళ్లు ఒక్కొక్కటి నొక్కారు, గోళ్ల పక్కన ఉండే చివరి కణుపులు కూడా. అక్కడే ఎక్కువ నొప్పి పుట్టింది. చేతులు వెలుతురుకు పెట్టమన్నారు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు ఇంకా గోళ్ల మీద సగం ఉంది, దాని కింద సూదితో పొడిచినట్టు చిన్నచిన్న గుంటలు. అవి ఎప్పటి నుంచి ఉన్నాయో కూడా నేను గమనించలేదు. తర్వాత చెప్పులు విప్పమని కాళ్లు చూసి, "ఒక కాలికే మెట్టె ఉంది, ఇంకోటి ఏది?" అని అడిగారు.

చెర్వుగట్టు జాతరకు పోయినప్పుడు మెట్లు ఎక్కుతుంటే ఆ వేలు మొత్తం ఉబ్బిపోయి మెట్టె లోపలికి దిగింది, కంసాలి దగ్గర కోయించాను. రాయి తగిలిందేమో అనుకుని ఊరుకున్నాను. చేతుల నొప్పికి పోయి కాలివేలి ముచ్చట ఎవరు చెప్తారు? మేడమ్ వెంటనే జడ పక్కకు తీయించి చెవుల వెనక, తల వెనక చూశారు. నేను చుండ్రు అనుకున్నది సోరియాసిస్ అనే చర్మం జబ్బట. స్టెరాయిడ్ ఆపాక అది ఎందుకు అంత పెరిగిందో కూడా అప్పుడే చెప్పారు, సోరియాసిస్ ఉన్నవాళ్లకు ఆ గోలీలు వాడి ఆపితే అట్లా ఎగదన్నవచ్చట.

ఫ్లోరైడ్ భయం చెప్పుకుంటే మేడమ్ కొట్టిపారేయలేదు. ముంజేతి ఎక్స్‌రే, నడుము ఎక్స్‌రే తీయించి, ఫ్లోరైడ్‌తో వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు ముదిరితే ముంజేతిలో రెండు ఎముకల మధ్య ఉండే పొర గట్టిపడి కనిపిస్తుందని, నాకు అట్లా లేదని తెరమీద చూపించారు. చికున్‌గున్యా తర్వాత కూడా నెలల తరబడి కీళ్లు వాస్తాయి కానీ, గోళ్లు, తల, కాలివేలు అన్నీ కలిపి చూస్తే ఇది సోరియాటిక్ ఆర్థ్రైటిస్, అంటే సోరియాసిస్‌తో వచ్చే కీళ్ల జబ్బు అన్నారు. ఒంట్లోని రక్షణ శక్తే కీళ్ల మీద పడే జబ్బుల్లో ఇది ఒకటట. "ఇప్పటికి నా అభిప్రాయం ఇది, మూడు నెలలు మందు వాడి మళ్లీ చూద్దాం" అని కూడా అన్నారు. ఆ మాట నన్ను భయపెట్టలేదు, ఎందుకు అనుకుంటున్నారో నాకు అర్థమయ్యేట్టు చెప్పారు కాబట్టి.

మా తమ్ముడు ఒక ప్రశ్న వేశాడు, నాకూ అదే ఉండేది. ఆ రుమటాయిడ్ కీళ్లవాతానికైనా దీనికైనా మెథోట్రెక్సేట్ అనే గోలీనే ఇస్తారంట కదా మేడమ్, మరి జబ్బు పేరు ఏదైతే ఏంది అని. ఈ గోలీ పనిచేయకపోతే తర్వాత ఇచ్చే ఇంజెక్షన్లు రెండింటికీ ఒకటే కాదని, నాకు స్టెరాయిడ్ గోలీల జోలికి పోకపోవడమే మంచిదని, చర్మం ఎట్లా ఉందో చూసుకుంటూ ఉండాలని, కన్ను ఎర్రబడి నొప్పి పుడితే ఆగకుండా చూపించుకోవాలని చెప్పారు. మందు మొదలుపెట్టే ముందు కాలేయం, కిడ్నీ పరీక్షలు, హెపటైటిస్ పరీక్షలు, ఛాతీ ఎక్స్‌రే చేయించారు. పిల్లల ఆపరేషన్ అయిందా అని అడిగారు, కడుపుతో ఉన్నవాళ్లు ఈ మందు వాడకూడదట.

మా వీధి మెడికల్ షాపు తమ్ముడికి ప్రత్యేకంగా చెప్పాలి. చీటీ చూసి లోపలి నుంచి బయటికి వచ్చి, "అక్కా, ఇది వారానికి ఒక్క రోజే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తది" అని మూడుసార్లు నాతో చెప్పించుకున్నాడు. మా పాప అట్ట మీద పెద్ద అక్షరాలతో "ఆదివారం" అని రాసింది, దానితోపాటు ఇచ్చిన ఫోలిక్ యాసిడ్ గోలీల అట్ట మీద "మంగళవారం" అని.

మా ఆయన మిర్యాలగూడ రైస్ మిల్లులో సీజన్ పని వదులుకుని రెండుసార్లు నాతో హైదరాబాద్ వచ్చాడు. మా వదిన నేను అడగకముందే రెండు నెలలు మా ఇంటి బట్టలు ఉతికింది. వదినా, నీకు ఎదురుగా చెప్పబోతే నాకు ఏడుపొస్తుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు పొద్దున పట్టేయడం అరగంటకు వచ్చింది. బతుకమ్మకు తంగేడు పూలు నేనే పేర్చాను, గునుగు కాడలు మాత్రం పాప కోసిపెట్టింది. ఆటలో చప్పట్లు కొట్టాను, నొప్పి అస్సలు లేకుండా కాదు, కానీ కొట్టాను. కాలివేలి వాపు ఇంకా పూర్తిగా దిగలేదు, మెట్టె డబ్బాలోనే ఉంది. దీపావళి తర్వాత మళ్లీ నిమ్స్‌కు పోవాలి, మా సార్‌కు చూపించడానికి మేడమ్ చీటీ జిరాక్స్ తీసి పెట్టుకున్నాను.

నా దగ్గర గుడ్డ ఇచ్చి, వేరే చోటికి పోకుండా ఇన్ని నెలలు ఆగినవాళ్లు పదకొండు మంది ఉన్నారు. మీవి కటింగ్ అయిపోయింది. హుక్కులు మా పాప కుడుతోంది. శుక్రవారం నుంచి వచ్చి తీసుకోండి.